పండగలు, సెలవులతో ఇంగ్లీష్ నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీష్ మాతృభాష కాని పిల్లలకో పెద్దలకో పాఠాలు చెప్పే టీచర్లు, ఏదో ఒక పండగ దగ్గర పడగానే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

పండగ క్లాసంటే కత్తెర, జిగురు, రంగులే కదా. ఇందులో ఇంగ్లీష్ ఎక్కడుంది?

చాలా క్లాసుల్లో నిజంగానే ఉండదు. నేను మొదట్లో చేసిన గ్రీటింగ్ కార్డుల క్లాసు ఒకటుంది. ముందు రోజు రాత్రి కూర్చుని అట్టలు కత్తిరించి, మెరుపు కాగితాలు సర్దుకుని, మహా హుషారుగా వెళ్లాను. కార్డులు అద్భుతంగా వచ్చాయి, ఫొటోలు ఇంకా బాగా వచ్చాయి. కానీ ఆ గంటసేపూ పిల్లలు ఎవరి భాషలో వాళ్లు కబుర్లు చెప్పుకున్నారు, నా చెవిన పడ్డ ఇంగ్లీష్ మొత్తం కలిపితే "గ్లూ ప్లీజ్". పోనీ కార్డు మీద రాసిందైనా వాళ్ల సొంతమా అంటే, అదీ నేను బోర్డు మీద రాసింది చూసి దించిందే.

మరుసటి ఏడు అదే కార్డుల క్లాసు మళ్లీ చేశాను, ఒక్క మార్పుతో. కత్తెరలన్నీ ఒక గ్రూపుకి, జిగురంతా ఇంకో గ్రూపుకి, రంగులు మూడో గ్రూపుకి, కాగితాలు నాలుగో గ్రూపుకి ఇచ్చేశాను. ఎవరికేం కావాలన్నా లేచి వెళ్లి అడగాలి, వేలితో చూపిస్తే ఇవ్వకూడదు. "కెన్ ఐ బారో", "డు యూ హావ్ ఎనీ", "హౌ మెనీ డు యూ నీడ్", "సారీ, వి ఆర్ స్టిల్ యూజింగ్ ఇట్" అని నాలుగు మాటలు బోర్డు మీద పెట్టాను. ఈసారి కార్డులు అంత అందంగా రాలేదు, సగం మందివి పూర్తే కాలేదు. కానీ కత్తెర కోసం నలుగురు ఒకేసారి బేరాలాడుతుంటే "స్టిల్ యూజింగ్" అన్న మాట ఆ గంటలో ఎన్నిసార్లు వినపడిందో లెక్కే లేదు. అప్పటినుంచీ నా పద్ధతి ఇదే: ఏ మాటలు నేర్పాలో ముందు తేల్చుకుంటాను, పండగని దానికి తర్వాత తగిలిస్తాను. పండగ మొదట పెట్టుకుంటే చివరికి మిగిలేది అలంకరణే.

ఏ రోజులు ఎంచుకోవాలి?

మీ విద్యార్థులు ఏ దేశంలో ఉంటే అక్కడి క్యాలెండర్ సగం పని చేసేస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఆఫీసులు మూసేస్తారు, బోర్డులు పెడతారు, పక్కింటివాళ్లు పలకరిస్తారు, ఆ మాటలు వాళ్లకి ఎలాగూ కావాలి. దానికి తోడు ఎవరి మతానికీ సంబంధం లేని రోజులు బోలెడున్నాయి. ఏప్రిల్ 22న ఎర్త్ డే (1970లో మొదలైంది), అక్టోబర్ 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం, సెప్టెంబర్ 21న శాంతి దినోత్సవం.

నన్నడిగితే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల క్లాసుకి అన్నిటికంటే బాగా నప్పేది ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో తమ బెంగాలీ భాష కోసం రోడ్డెక్కి పోలీసు కాల్పుల్లో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకంగా వచ్చిన రోజది. యునెస్కో 1999లో ప్రకటించింది, 2000 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ప్రతి ఒక్కరూ తమ భాషలో ఒక మాట తెచ్చి, దాన్ని పలకడం మిగతావాళ్లకి ఇంగ్లీష్‌లో నేర్పాలి. "ఓపెన్ యువర్ మౌత్ వైడర్", "నో, ఇట్స్ లాంగర్", "ఆల్మోస్ట్" అంటూ. ఏడాదంతా తప్పులు దిద్దించుకునేవాళ్లు ఆ ఒక్క రోజు టీచర్‌నే దిద్దుతారు, మనకి నాలుక తిరగక అవస్థ పడుతుంటే క్లాసంతా పగలబడి నవ్వుతుంది. మొహమాటం అనేది ఆ దెబ్బకి కొన్ని వారాలపాటు కనిపించదు.

మతానికి సంబంధించిన పండగలు క్లాసులో చెప్పొచ్చా?

పండగ గురించి చెప్పడం వేరు, చేయించడం వేరు. క్రిస్మస్ ఎప్పుడు వస్తుంది, ఆ రోజుల్లో జనం ఏమని పలకరించుకుంటారు అనేది భాష పాఠమే, ప్రార్థన చేయించడం కాదు. అమెరికా ప్రభుత్వ స్కూళ్ల విషయంలో అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే ఈ గీత గీసింది: బడిలో బైబిల్ చదివించి ప్రార్థనలు చేయించడం కుదరదు, చదువులో భాగంగా మతం గురించి తెలుసుకోవడంలో తప్పు లేదు. వేరే దేశాల్లో రూల్స్ వేరు, అవి మీ స్కూల్లోనే కనుక్కోండి. కొన్ని కుటుంబాలు ఏ పండగా చేసుకోరు, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లైతే పుట్టినరోజులు కూడా జరుపుకోరు. అందుకని వారం ముందే ఇంటికి కబురు పంపి, వద్దన్నవాళ్లకి అదే గ్రామర్‌తో వేరే పని సిద్ధంగా పెట్టుకోండి. మూల కూర్చోబెట్టి రంగులు వేయించడం మాత్రం వద్దు, అది శిక్షలా ఉంటుంది.

పండగతో గ్రామర్ కూడా చెప్పొచ్చా, లేక కొత్త మాటలు మాత్రమేనా?

మాటల కంటే గ్రామరే ఎక్కువ దొరుకుతుంది. "పంప్‌కిన్", "టర్కీ", "కాస్ట్యూమ్" లాంటి మాటలు నేర్పిస్తే మళ్లీ వచ్చే ఏడాది దాకా వాటితో పని పడదు. అదే "ఇన్, ఆన్, ఎట్" అనుకోండి, రోజూ కావాలి. మనకి తెలుగులో "సోమవారం వస్తాను" అంటే చాలు, ఏమీ తగిలించక్కర్లేదు, "డిసెంబర్‌లో" అంటే ఒక "లో". ఇంగ్లీష్‌లో నెలకి "ఇన్ డిసెంబర్", రోజుకి "ఆన్ క్రిస్మస్ డే", ఆ పండగ రోజులన్నిటినీ కలిపి చెప్పాలంటే "ఎట్ క్రిస్మస్". ఒకే పండగ, మూడు ప్రిపొజిషన్లు, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా బ్రిటన్‌లో "ఎట్ ది వీకెండ్" అంటే అమెరికాలో "ఆన్ ది వీకెండ్" అంటారు, కాబట్టి పుస్తకంలో ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి చూసి తికమకపడే విద్యార్థికి రెండూ ఒప్పే అని చెప్పేయండి.

తర్వాతది ఫస్ట్, సెకండ్, థర్డ్. అమెరికా సెలవులు చాలావరకు తేదీతో కాకుండా వారంతో ముడిపడి ఉంటాయి. లేబర్ డే సెప్టెంబర్‌లో మొదటి సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ డే జనవరిలో మూడో సోమవారం, థాంక్స్‌గివింగ్ నవంబర్‌లో నాలుగో గురువారం. ఒక క్యాలెండర్ చేతికిచ్చి ఈ ఏడు, వచ్చే ఏడు తేదీలు వెతికించండి. అది అయ్యాక అసలు ప్రశ్న వేయండి: థాంక్స్‌గివింగ్ అన్నిటికంటే ముందుగా ఏ తేదీన రావచ్చు, ఆలస్యమైతే ఏ తేదీన? జవాబు 22, 28. కానీ ఆ జవాబు ఎలా వచ్చిందో పక్కవాడికి ఇంగ్లీష్‌లో చెప్పి ఒప్పించాలంటే "ఇఫ్ ది ఫస్ట్ ఈజ్ ఎ థర్స్‌డే, దెన్" అంటూ మొదలుపెట్టక తప్పదు. లెక్కల్లో చురుకైన పిల్లలు, ఇంగ్లీష్ క్లాసులో నోరు తెరవనివాళ్లు కూడా ఇక్కడ లేచి నిలబడతారు. కాస్త పై స్థాయివాళ్లకి దీని వెనకాల కథ కూడా పనికొస్తుంది: 1939లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఈ సెలవుని ఒక వారం ముందుకి జరిపితే కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, దేశంలో రెండు తేదీల్లో థాంక్స్‌గివింగ్ జరిగింది, చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారమని ఖాయం చేశారు. పాస్ట్ టెన్స్ చెప్పడానికి ఇది చాలు.

అపాస్ట్రఫీ కూడా ఇక్కడే తేలిపోతుంది. "మదర్స్ డే"లో అపాస్ట్రఫీ "ఎస్"కి ముందు వస్తుంది, ఎవరి తల్లి రోజు వాళ్లది అని, ఈ రోజుని మొదలుపెట్టిన ఆనా జార్విస్ పట్టుబట్టింది. అమెరికాలో నవంబర్ 11న వచ్చే "వెటరన్స్ డే"లో అయితే అసలు అపాస్ట్రఫీయే లేదు. తేదీ రాసే పద్ధతి సరేసరి, 4/7 అని రాస్తే బ్రిటన్‌లో జూలై 4, అమెరికాలో ఏప్రిల్ 7. డాక్టర్ అపాయింట్‌మెంట్ చీటీ మీద ఇది తేడా వస్తే ఏమవుతుందో చెప్తే చాలు, ఎవరూ మర్చిపోరు.

కొత్తగా వచ్చిన విద్యార్థి ఒక్క మాట కూడా మాట్లాడడు. వాడికి ఈ యాక్టివిటీలు ఏం ఉపయోగం?

వాడికే ఎక్కువ ఉపయోగం. కొత్త భాషలోకి వచ్చిన చాలామంది మొదట కొన్నాళ్లు వింటూ ఊరుకుంటారు, దాన్ని మొండితనం అనుకోకండి. ఇక్కడ జేమ్స్ ఆషర్ చెప్పిన టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ పద్ధతి బాగా కుదురుతుంది. మనం మాటతో చెప్తాం, విద్యార్థి ఒంటితో చేసి చూపిస్తాడు, మాట్లాడాల్సిన పని లేదు.

కాగితంతో మంచు రేకులు చేయించడం చూడండి. మొదటిసారి "ఫోల్డ్ ఇట్ ఇన్ హాఫ్" అంటూ నేను మడుస్తాను, వాళ్లు చూస్తారు. రెండోసారి నాతో పాటు మడుస్తారు. మూడోసారి నా చేతులు వెనక్కి పెట్టుకుని మాట మాత్రమే చెప్తాను, అసలు వినడం ఇక్కడే మొదలవుతుంది. ఒకసారి ఒక అబ్బాయి "ఫోల్డ్" అంటే "హోల్డ్" అని విని, కాగితాన్ని రెండు చేతులతో తల మీదకి ఎత్తి పట్టుకుని నిలబడిపోయాడు, అందరూ మడిచేసినా సరే దించడే. నవ్వు ఆపుకుని, రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, "ఫోల్డ్", "హోల్డ్" అని మార్చి మార్చి చెప్తూ క్లాసంతటితో చేయించాను. అయిదు నిమిషాల్లో అదొక ఆటైపోయింది. నాలుగో విడతలో ఆర్డర్లు వేసే వంతు విద్యార్థిది, మడిచే వంతు నాది. ఆ అబ్బాయి నా క్లాసులో గట్టిగా పలికిన మొదటి ఇంగ్లీష్ మాట "హోల్డ్". నేను చచ్చినట్టు కాగితం ఎత్తి పట్టుకున్నాను.

ఒకే క్లాసులో మూడు నాలుగు స్థాయిలవాళ్లు ఉంటే?

పని ఒకటే పెట్టండి, దాన్నుంచి అడిగే భాష మార్చండి. న్యూ ఇయర్ తీర్మానాలు తీసుకుందాం. మొదటి మెట్టు మీదున్నవాళ్లకి బొమ్మలు ఇచ్చి "ఐ విల్" తర్వాత ఒక మాట పెట్టమనండి. నడిమివాళ్లు "ఐయామ్ గోయింగ్ టు" తో వాక్యం చెప్పి ఎందుకో కూడా చెప్పాలి. పైవాళ్లు పోయినేడు తీర్మానం ఎందుకు చెడిందో "షుడ్ హావ్", "ఇఫ్ ఐ హాడ్" తో రాయాలి, అదెవరికైనా మహా సులువుగా వస్తుంది, విఫలమైన తీర్మానాలకి కొదవేముంది! ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర ఒకరివి ఒకరు వింటారు. స్థాయిని బట్టి మూడు రకాల వర్క్‌షీట్లు తయారుచేసి రాత్రంతా మేలుకోకండి, నేను మేలుకున్నాను, ఏ ఉపయోగమూ లేదు.

ఏ ఆటల్లో నిజంగా మాట్లాడతారు?

ఒకడి దగ్గరున్న సమాచారం ఇంకొకడి దగ్గర లేకుండా చేసే ఏ ఆటలోనైనా. ఒకే నెల క్యాలెండర్ రెండు కాపీలు తీసి, ఒకదాంట్లో కొన్ని సెలవులు, రెండోదాంట్లో మిగతావి చెరిపేయండి. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టండి. కాగితం చూపించుకోలేరు కాబట్టి అడిగి తీరాలి.

రన్నింగ్ డిక్టేషన్ కూడా బాగుంటుంది. పండగ గురించి అయిదారు వాక్యాలు గోడకి అంటించాలి, ఒకరు పరిగెత్తి చదివి, గుర్తుపెట్టుకుని వచ్చి చెప్తే రెండోవారు రాస్తారు. స్పెల్లింగ్ దగ్గరే అసలు గొడవంతా జరుగుతుంది. "వెన్స్‌డే" అని విన్నవాడు మధ్యలో "డి" రాయడు, చెప్పేవాడు మళ్లీ గోడ దగ్గరికి పరుగు. చదివే వ్యాసం పెద్దదైతే జిగ్‌సా పద్ధతి వాడండి, 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టింది: తలా ఒక ముక్క చదివి మిగతావాళ్లకి చెప్పాలి, ఎవరు చెప్పకపోయినా మొత్తం కథ అతకదు.

బింగో అంటే అందరికీ ఇష్టమే కానీ, అందులో మాట్లాడేది టీచర్ ఒక్కరే. నంబర్లు పిలిచే పని పిల్లలకి ఇస్తే కొంత నయం.

ఆడుతున్నప్పుడు తప్పులు దిద్దాలా?

అప్పుడు వద్దు. ఒక కాగితం మీద రాసుకుని, ఆట అయ్యాక ఎవరిదో పేరు చెప్పకుండా అయిదు వాక్యాలు బోర్డు మీద పెట్టండి, వాళ్లే దిద్దుకుంటారు.

పెద్దవాళ్ల క్లాసులో ఇవన్నీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉండవా?

ఉంటాయి. రోజంతా పనిచేసి సాయంత్రం క్లాసుకి వచ్చిన మనిషి చేతికి రంగు కాగితాలిస్తే నొచ్చుకుంటాడు, పైకి అనకపోవచ్చు. వాళ్లకి సెలవు అంటే వేరే అవసరాలు: లీవ్ అడగడం, షిఫ్ట్ మార్చుకోవడం, తలుపు మీద అంటించిన నోటీసు అర్థం చేసుకోవడం. "క్లోజ్డ్ మండే ఇన్ అబ్జర్వెన్స్ ఆఫ్" అని రాసుంటే అందులో తెలిసిన మాట "మండే" ఒక్కటే అయితే కష్టం కదా. ఇలాంటి నిజం నోటీసుల ఫొటోలు నాలుగు తెచ్చి, ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో కనుక్కోమంటే క్లాసు చాలా సీరియస్‌గా నడుస్తుంది. "హాలిడే" అన్న మాటే ఒక పాఠం. "హోలీ డే" నుంచి పుట్టిన ఈ మాటకి అమెరికాలో ప్రభుత్వ సెలవు లేదా పండగ అని అర్థం, ఊరెళ్లడానికి పెట్టే సెలవు "వెకేషన్". బ్రిటన్‌లో ఊరెళ్లినా "ఆన్ హాలిడే" అనే అంటారు, అందరికీ కలిపి ఇచ్చే సెలవు "బ్యాంక్ హాలిడే", ఆ పేరు 1871 నాటి చట్టం నుంచి వచ్చింది.

ఇంకోటి, పలకరింపులు. "డూయింగ్ ఎనీథింగ్ ఫర్ ద లాంగ్ వీకెండ్?" అని తోటి ఉద్యోగి అడిగితే, ముందు "ఆర్ యూ" లేదు కాబట్టి అది ప్రశ్నని కూడా గ్రహించనివాళ్లని చూశాను. "హ్యాపీ న్యూ ఇయర్" అంటే "యూ టూ" అనాలని నేర్పాక ఒకాయన ఎవరో "హ్యాపీ బర్త్‌డే" చెప్పినా "యూ టూ" అనేశారు. ఆ తప్పు ఇంగ్లీష్ వాళ్లూ చేస్తూనే ఉంటారు, పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

మదర్స్ డే, ఫాదర్స్ డే కార్డులు చేయించొచ్చా?

నేను చేయించి దెబ్బతిన్నాను. "మై మదర్ ఈజ్" అని మొదలయ్యే అయిదు వాక్యాలు బోర్డు మీద రాసి ఖాళీలు నింపమన్నాను. ఒక అమ్మాయి "ఈజ్" కొట్టేసి "వాజ్" అని రాసింది. గ్రామర్ తప్పనుకుని దిద్దబోయాను, పెన్ను కాగితానికి తగిలించాక కానీ నాకు వెలగలేదు. ఆ పిల్ల ఏమీ అనలేదు, తలవంచుకుని మిగతా నాలుగు వాక్యాలు కూడా "వాజ్" తోనే సరిగ్గా పూర్తిచేసింది. తల్లో తండ్రో వేరే దేశంలో ఉండిపోయిన పిల్లలు కూడా ఇలాంటి క్లాసుల్లో చాలామందే ఉంటారు. ఇప్పుడు "మిమ్మల్ని చూసుకునే ఒక మనిషి" గురించి రాయమంటున్నాను, ఎవరనేది వాళ్ల ఇష్టం, ఏ టెన్స్ అనేదీ వాళ్ల ఇష్టమే.

విద్యార్థుల సొంత పండగల గురించి చెప్పించడం మంచిదేనా?

మంచిదే, అడిగే తీరులో అడిగితేనే. "మీ దేశంలో ఏం చేస్తారు?" అని అందరి ముందు ఒక పిల్లాణ్ని నిలబెడితే వాడు ఆ దేశం మొత్తానికి రాయబారి అయిపోతాడు, వాడేమో మూడేళ్లప్పుడే అక్కణ్నుంచి వచ్చేసుండొచ్చు. "మీ ఇంట్లో మీకు బాగా గుర్తున్న ఒక రోజు" అంటే ఎవరైనా చెప్పగలరు. రాయడం రానివాళ్లయితే వాళ్లు నోటితో చెప్పింది చెప్పినట్టే మీరు రాసి, దాన్నే చదివే పాఠంగా వాడండి. తన సొంత కథ కాబట్టి తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలుసు, చదవడం తొందరగా పట్టుబడుతుంది.

పెద్ద సెలవుల తర్వాత "సెలవుల్లో ఏం చేశారు?" వ్యాసం రాయించొచ్చా?

దయచేసి వద్దు. ఎక్కడికీ వెళ్లనివాళ్లకి అది పరీక్షలా ఉంటుంది. మూడు నిజాలు, ఒక అబద్ధం చెప్పమనండి, మిగతావాళ్లు "డిడ్ యూ", "వేర్ డిడ్ యూ", "హూ వాజ్ విత్ యూ" అని అడ్డంగా ప్రశ్నలేసి అబద్ధం పట్టుకోవాలి. ఇంట్లోనే కూర్చున్నవాడు కూడా దర్జాగా ఆడతాడు. సెలవుల్లో భాష మరుగున పడకూడదంటే వర్క్‌షీట్ల కట్ట ఇవ్వకండి, వారానికోసారి ఫోన్‌లో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసుకోమనండి. మొదటి వారందీ చివరి వారందీ పక్కపక్కన పెట్టుకుని వింటే తేడా వాళ్లకే తెలుస్తుంది.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

బయటికి వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడగండి, ఆ రోజు నేర్పిన మాటతోనే జవాబు రావాలి. అంతకుమించి పరీక్ష పెడితే పండగ కళ పోతుంది.

ఏప్రిల్ 1న ఏదైనా చేయొచ్చా?

విద్యార్థుల్ని ఫూల్స్ చేయొద్దు, భాష రానివాళ్లు ఎలాగూ రోజూ ఎక్కడో ఒకచోట ఆ ఇబ్బంది పడుతూనే ఉంటారు. దానికి బదులు 1957 ఏప్రిల్ 1న బీబీసీ చేసిన పని చెప్పండి. పనోరమా అనే కార్యక్రమంలో, స్విట్జర్లాండ్‌లో చెట్ల నుంచి స్పగెట్టీ కోస్తున్నట్టు చూపించారు, చాలామంది నమ్మేశారు, ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని ఫోన్లు కూడా చేశారు. ఈ కథని వాక్యం వాక్యం చెప్తూ, ప్రతి వాక్యం దగ్గర ఆగి "ట్రూ ఆర్ ఫాల్స్?" అని అడుగుతూ వెళ్తాను. కిందటిసారి చెట్టు దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా "ఫాల్స్!" అని అరిచింది, వెనక బెంచీలోంచి ఒకడు మాత్రం చెయ్యెత్తి, "టీచర్, వాట్ ఈజ్ స్పగెట్టీ?" అన్నాడు.